తలూపే పెద్దమనిషి

మా చుట్టుపక్కల ఊళ్లలో నాకొక పేరుండేది, ఓపిక గల మనిషి అని. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎవరి హద్దు రాయి కదిలినా, ఎవరి ప్రహరీ ఎవరి జాగాలోకి వచ్చినా పంచాయితీకి నన్ను పిలిచేవాళ్లు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని వెళ్లేవాణ్ని. ఉన్న ప్లాస్టిక్ కుర్చీల్లో చేతులున్న కుర్చీ నాకు వేసేవాళ్లు. రెండు పక్షాలూ గొంతు చించుకునేవి. నేను మధ్యలో అడ్డు తగలకుండా, ఎవరినీ కసురుకోకుండా, గంగిరెద్దులాగా తల ఊపుతూ అంతా వినేవాణ్ని. వినేవాణ్ని అన్నది అలవాటు కొద్దీ రాశాను. అప్పటికి చాలా ఏళ్లుగా నాకు మనుషుల మాట సరిగ్గా వినబడదు.

ఆ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదని నా నమ్మకం. దాన్ని కాపాడుకోవడానికి నేను పడ్డ పాట్లు చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నేనూ నవ్వుకుంటున్నాను. కానీ ఆ పాట్ల వల్ల ఒక ఆడమనిషి వంటిల్లు కూలిపోయే దాకా వచ్చింది. అది కూడా చెప్పాలి కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

చెవులు బాగున్న రోజుల్లో నన్ను ఏ పంచాయితీకీ ఎవరూ పిలవలేదు. అప్పుడు నేనూ అందరిలాగే మాటకు మాట అనేవాణ్ని, సగం వినగానే ఎవరిది తప్పో తేల్చేసేవాణ్ని, కోపం వస్తే కుర్చీ తన్ని లేచేవాణ్ని. చెవుడు వచ్చాక నోరు మూతపడింది. ఏం మాట్లాడితే ఏం బయటపడుతుందోనని భయం. ఎవరేం చెప్పినా తల ఊపడం మొదలుపెట్టాను. ఇటువాళ్లు చెబుతున్నప్పుడూ ఊపాను, అటువాళ్లు చెబుతున్నప్పుడూ ఊపాను. నేను తమ వైపే ఉన్నానని ఇద్దరూ అనుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి నా అంత ధర్మాత్ముడు మండలంలో లేడన్నారు.

తీర్పు చెప్పడం కూడా పెద్ద కష్టం కాలేదు. నా దగ్గర మూడు తీర్పులుండేవి. ఒకటి, రాయి ఉన్నకాడనే హద్దు. రెండు, చెరి సగం. మూడు, వచ్చే ఐతారం మళ్లా కూసుందాం. అరుపులు ఆగి అందరూ నా మొహం చూస్తున్నారంటే వేళయిందని అర్థం. ఒకరు ఎగిరెగిరి పడుతూ ఇంకొకరు నిమ్మళంగా ఉంటే మొదటిది చెప్పేవాణ్ని. ఇద్దరూ ఎగురుతుంటే రెండోది. ఎవరి మొహంలోనూ ఏమీ తెలియకపోతే మూడోది. చదువుకున్నవాళ్లు కూడా ఈ మూడు ముక్కలు విని ఔరా అన్నారు.

ఈ వైభవం ఇంకా కొన్నాళ్లు సాగేదే. కానీ గండిమైసమ్మ దగ్గర ఒక పెళ్లి విందులో పాత స్నేహితుడొకడు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాడు. పెళ్లి కదా, మంచి మాటే అయ్యుంటుందని నవ్వుతూ తల ఊపి, మస్తు సంతోషం అన్నాను. వాళ్లమ్మ పోయిందని చెబుతున్నాడట. మా ఆవిడ ఆ పూట అన్నం ముందు నుంచి లేచి వచ్చేసింది. సోమవారం పొద్దున్నే నన్ను కారెక్కించి, మేడ్చల్‌లో హైవే పక్కన, స్వీటు దుకాణం పైన ఉన్న చెవి మిషన్ల క్లినిక్‌కు తీసుకెళ్లింది.

అక్కడి మేడం నన్ను ఏటీఎం అంత అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా చేతిలో ఉన్న మీట నొక్కమంది. నేను పంచాయితీలు తీర్చినవాణ్ని, ఈ మాత్రం తీర్చలేనా? అద్దంలోంచి ఆవిడ చెయ్యి కనబడుతోంది. ఆవిడ బటన్ నొక్కగానే నేనూ నొక్కాను. నాలుగైదు సార్లు అయ్యాక ఆవిడ ఏమీ అనకుండా కుర్చీని అటు తిప్పుకుని కూర్చుంది. తర్వాత చాలాసేపు ఆ గదిలో ఏమీ జరగలేదు. అంటే నాకు ఏమీ జరగలేదు. బయటికొచ్చాక ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగింది. ఈ మధ్యనే అన్నాను. మా ఆవిడ పదేళ్లు అంది. కంప్యూటర్‌లో కొండచరియలాగా కిందికి దిగిపోయిన గీతను చూపించి, మేడం మా ఆవిడ మాటే రాసుకుంది.

రెండు మిషన్లు వచ్చాయి. ఎర్ర చుక్కది కుడి చెవికి, నీలం చుక్కది ఎడమ చెవికి. మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే లారీ హారన్ ఒకటి తలలోంచి దూసుకుపోయింది. ఇంటికొచ్చాక నా చెప్పుల చప్పుడు, పేపరు మడతల చప్పుడు, నేను సకినం నమిలితే బండరాళ్లు దొర్లుతున్న చప్పుడు. మా ఫ్యాను చప్పుడే చెయ్యదని ఊరందరికీ ఆ కంపెనీనే కొనమని చెప్పాను. అది చెరుకు గానుగలాగా తిరుగుతోంది. నా గొంతు నాకే కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది. ఇంత మోతలో మనుషులు ఎలా బతుకుతున్నారని విసుక్కుని, రెండు గంటలకే తీసి డబ్బాలో పడేశాను.

మళ్లీ పెట్టించింది మా ఆవిడ. పెట్టుకున్నాక ఒక విషయం గమనించాను. ఆమె మాట్లాడటం లేదు. మా పెళ్లయిన కొత్తలో నిద్రలో కూడా మాట్లాడే మనిషి. ఇప్పుడు తిను, లే, కరెంటు బిల్లు, గేటు వెయ్యి, అంతే. పదేళ్లుగా నాకు ఏది చెప్పాలన్నా అరవాలి. అరిచి చెప్పేంత అవసరం లేని మాటలన్నీ ఆమె మానేసుకుంది. రోజుకు నాలుగు మాటలు మిగిలాయి. మిషన్లు పెట్టుకుని ఎదురుగా కూర్చున్నా నాలుగే వచ్చాయి. నాకు నిజంగా దుఃఖం కలిగింది. అది చూపించుకోవడం రాక, పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాను.

ఇక మిషన్లకు చాకిరీ మొదలైంది. పొద్దున కుంచెతో గులిమి తుడవాలి. సన్నని తీగతో బెజ్జం పొడవాలి. చెమట పట్టనివ్వకూడదు, తడి తగలకూడదు, తీసినప్పుడల్లా తేమ పీల్చే గుళికల డబ్బాలో పడుకోబెట్టాలి. సెల్లు కందిపప్పు బద్దంత ఉంటుంది. దాని వెనక కాగితం పీకి, కాసేపు గాలి తగలనిచ్చి, అప్పుడు లోపల పెట్టాలి. ఎకరాల మీద తీర్పులు చెప్పిన చేతులతో నేను ఆ బద్దను పెట్టలేక మంచం కింద పాకాను. చలిగాలికి చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకుంటే మిషన్ కుయ్యిమని ఈల వేస్తుంది. మా పిల్లల్ని పెంచినప్పుడు నేను ఇంత చాకిరీ చెయ్యలేదు. ఆ మాట మా ఆవిడ కూడా అంది, ఆ రోజు ఆమె మాటలు ఐదయ్యాయి.

దసరా వచ్చింది. మా ఇంట్లో పూజ అంటే కారు, మోటరు స్టార్టరు, కత్తిపీట, కుట్టు మిషన్, ఏదీ వదలరు. మా ఆవిడ వరసలో చెవి మిషన్లు కూడా వచ్చాయి. మిషన్ అన్నాక మిషనే కదా. నేను స్నానం నుంచి వచ్చేసరికి రెండింటినీ తమలపాకు మీద పెట్టి, పసుపు రాసి, ఒక్కోదానికి ఇంత కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల రేకులు చల్లి, అగరొత్తి తిప్పుతోంది. సరిగ్గా శబ్దం లోపలికి పోయే బెజ్జం మీదనే బొట్టు. కుడిది అక్కడికక్కడే మూగబోయింది. ఎడమది పసుపు నీళ్లు తాగి గురగురమంటూ బతికింది.

దాన్నే పెట్టుకుని సాయంత్రం జమ్మి దగ్గరికి వెళ్లాను. ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకోవడం మా దగ్గర తప్పదు కదా. మూడు సార్లు కౌగిలించుకోవాలి. అవతలివాళ్ల చెంప నా చెవికి ఆనిన ప్రతిసారీ మిషన్ కుయ్యిమంది. జనం ఫోన్లు తీసి చూసుకున్నారు. ప్లాట్ల వెంచరు పెట్టిన మా పాలివాళ్ల అబ్బాయి, అంటే దాయాది కొడుకు, అందరికంటే గట్టిగా పట్టుకున్నాడు. మూడు కౌగిళ్లకూ మూడు ఈలలు. వాడు వెనక్కి జరిగి నా చెవిలోకి తొంగిచూసి, కొంచెం నొచ్చుకున్నట్టుగా అన్నాడు.

"గీ కొత్త బిమారి నీకెందుకే కాకా. మునుపే మంచిగుంటివి గద."

నా మీద వాడికి ఎంత ప్రేమో అనుకుని నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పండగ అయ్యాక మేడం సూదితో కుంకుమ తవ్వి తీస్తూ, పూజలు దేవుడికి చేసుకొమ్మనీ మిషన్‌కు కుంచె చాలనీ మందలించింది.

మిషన్లు బాగయి వచ్చిన వారానికి, మొదట్లో చెప్పానే, ఆ వంటిల్లు గల ఆడమనిషి మా ఇంటికి వచ్చింది. ఒక కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లేడు. కరీంనగర్ రోడ్డు నుంచి లోపలికి, చర్చి వెనక కాలనీలో సర్కారు ఇచ్చిన జాగాలో రెండు గదులు వేసుకుంది. వెంచరు ఆమె పెరటి వెనకే. నాలుగేళ్ల కింద ఆమెకూ మా పాలివాళ్ల అబ్బాయికీ హద్దు పంచాయితీ అయితే నేనే తీర్చాను. మొదటి తీర్పు. ఇప్పుడు వాడు వెంచరుకు పెద్ద గేటు పెడతానంటున్నాడు, దానికి రోడ్డు వెడల్పు కావాలి. ఆ రాయి నుంచి టేపు పట్టి కొలిస్తే ఆమె వంటింటి గోడ రోడ్డులోకి వస్తుంది. ఐతారం మళ్లీ పంచాయితీ.

ఆమె వరండాలో వెలుతురు పడేచోట నిలబడి, మొహం నాకు ఎదురుగా పెట్టి, ఒక్కో మాటకూ చెయ్యి చూపిస్తూ చెప్పింది. చదువులేని మనిషి, మాటకు చెయ్యి సాయం కావాలి కాబోలు అనుకున్నాను. నాలుగేళ్ల కింద ఒక ఐతారం పొద్దున కాలనీ అంతా చర్చిలో ఉన్నప్పుడు రాయిని పీకి, ఆరడుగులు ఆమె పెరట్లోకి జరిపి పాతారు. పాత చోట అప్పటికింకా గుంత ఉంది, పచ్చి మట్టి ఉంది. ఇప్పుడు ఆ గుంత మీద వాళ్ల రోడ్డు పడింది.

"గిదంత ఆనాడే చెప్పిన పటేలా," అంది.

నేను మొదటిసారి వింటున్నాను. అయినా పాత సంగతి గుర్తు చేసుకుంటున్నట్టు కళ్లు చిన్నవి చేసి తల ఊపాను. అలవాటు ఎక్కడికి పోతుంది.

ఆమె వెళ్లాక నాకు పరేషాన్ మొదలైంది. పాత తీర్పు పోతేనే ఆమె వంటిల్లు ఉంటుంది. పాత తీర్పు పోవాలంటే, ఆ రోజు నాకు ఒక్క ముక్క వినబడలేదని నలుగురిలో చెప్పాలి. చెబితే నా ఓపిక ఏమిటో, నా ధర్మం ఏమిటో బజారున పడుతుంది. అక్కడితో ఆగుతుందా? చెరి సగం పంచుకున్న అన్నదమ్ములొస్తారు, వచ్చే ఐతారానికి ఇప్పటికీ ఎదురుచూస్తున్నవాళ్లొస్తారు, పదేళ్ల పంచాయితీలన్నీ నా గుమ్మం ముందు క్యూ కడతాయి. మూడో తీర్పు చెప్పి తప్పుకుంటే ఎలా ఉంటుందని ఆలోచించాను. జ్వరం తెచ్చుకుందామా అని కూడా ఆలోచించాను. మిషన్ల సెల్లు అయిపోయిందని చెప్పవచ్చు. పరువు మీద ఇంత తీపి ఉన్నవాడికి ఉపాయాలకు కరువుండదు.

ఏం జరిగిందని మా ఆవిడ అడిగితే చెప్పాను. పేరు పోతుందన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండానే, అరవకుండా, మామూలు గొంతుతో అంది.

"పేరు పోతే ఏమైతది? దాన్ని పొయ్యి మీద వెట్టి వండుకుంటవా? ఆడ గామె పొయ్యి వెట్టుకునే జాగనే పోతాంది."

అదంతా నాకు వినబడింది. వినబడనట్టు తల ఊపే వీలు కూడా లేకపోయింది.

ఐతారం ప్రార్థన ముగిశాక, మధ్యాహ్నం వెంచరు ఆఫీసు రేకుల షెడ్డు కింద కూర్చున్నాం. కొత్త సెల్లు వేసుకుని, బెజ్జాలు పొడుచుకుని, తువ్వాలు లేకుండా వెళ్లాను. ఇన్నేళ్లలో పంచాయితీని వినడం అదే మొదలు. కదిలే ఆ పెదవుల వెనక ఎంత బరువైన విషయాలు ఉంటాయోనని నాకు ఉండేది. అరగంట సేపు ఎవరి కుర్చీ ఎవరు లాక్కున్నారన్నది, చాయ్‌లో చక్కెర, ఎవరిదో ఫోను, కొంపల్లిలో గజం రేటు, ఇవే నడిచాయి. రాయి మాట ఎవరూ ఎత్తలేదు. నేను తలెందుకు ఊపుతున్నానో తెలియక పదేళ్లు ఊపింది వీటికా అని ఒళ్లు మండింది.

చివరికి మా పాలివాళ్ల అబ్బాయి లేచాడు. మాట్లాడేది ఏమీ లేదన్నాడు. హద్దు ఎప్పుడో తేలిందనీ, రాయి ఉన్నకాడనే హద్దని కాకనే తీర్పు చెప్పిండనీ, కాక మాట మీద తనకు గురి అనీ నా వైపు చెయ్యి చూపించాడు. అందరూ నా మొహం చూశారు. వేళయిందని నాకు తెలుసు. ఆమె ఒక మూల, చర్చికి కట్టుకున్న తెల్లచీరతో నిలబడి ఉంది.

నేను లేచి, కుడి చెవిలోంచి మిషన్ తీసి అరచేతిలో పెట్టి అందరికీ చూపించాను. అప్పుడు చెప్పాను.

"పదేండ్ల సంది నాకు చెవులు లేవు. ఆనాడు గీ పంచాయితీల నాకు ఒక్క ముక్క ఇనబడలే. ఇనకుంటనే తలూపిన, ఇనకుంటనే తీర్పు చెప్పిన. గా తీర్పు చెల్లదు."

చెప్పి కళ్లు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నా మీద నాకు చాలా గౌరవం కలిగింది. ఇంత నిజం నలుగురిలో ఎవడు ఒప్పుకుంటాడు? ఇప్పుడు షెడ్డు దద్దరిల్లుతుంది, కొందరు తిడతారు, కొందరు చేతులు పట్టుకుంటారు అనుకున్నాను. ఏమీ జరగలేదు. ఎవరో చాయ్ జుర్రిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడింది. ముందు వరసలో ముసలాయన ఒకడు పక్కవాడి వైపు తిరిగి, గది ఎవలకు తెల్వదు? అన్నాడు. పక్కవాడు, ఇనబడదనే గద పిలుస్తుండె అన్నాడు. మా పాలివాళ్ల అబ్బాయి తల దించుకుని ఫోను చూసుకుంటూ నవ్వు ఆపుకుంటున్నాడు.

చెవిటివాడి కుర్చీకి చేతులెందుకున్నాయో అప్పుడు అర్థమైంది. చెవులున్నవాణ్ని కూర్చోబెడితే అన్నీ అడుగుతాడు, అవన్నీ చెప్పాలి, చివరికి ఏమంటాడో తెలియదు. నేనైతే ఆ బాధ లేదు. అయినా ఒక ఆశ మిగిలి ఉంది. ఆమె అయినా నా మాట విని ఉంటుంది, నా చెవుడు తెలిసి నన్ను క్షమిస్తుంది. ఆ ఆశతోనే ఆమె వైపు చూశాను.

ఆమె మూలలోంచి నడిచొచ్చి నా ముందు నిలబడింది.

"నీకు ఇనబడదని నాకు ఆనాడే ఎరికే పటేలా. గందుకే నోటితోని చెప్పుడు బంజేసి, నీ చెయ్యి వట్టి పెరట్లకు తీస్కపోయిన. రాయి వీకిన గుంత సూపిచ్చిన. కొత్త రాయి కింద మట్టి కాలితోని తన్ని సూపిచ్చిన. వంగి సూసినవ్. నీ చెవుల ముచ్చట నాకెందుకు? సూసినవా లేదా, గది చెప్పు."

నాకు గుర్తుంది. గుంత గుర్తుంది. అందులో తడి మట్టి, తెగిన వేపవేరు గుర్తున్నాయి. నా చెప్పుకు మట్టి అంటితే రాయికే రుద్దుకున్నాను. ఆ రాయి వదులుగా కదిలింది. కదిలిందని నాకు తెలిసింది. వెంచరు వాళ్లు బిర్యానీ తెప్పించారు, చల్లారిపోతుందని త్వరగా షెడ్డులోకి వచ్చి కూర్చున్నాను. ఆమె ఎగిరెగిరి పడుతోంది, మా వాడు నిమ్మళంగా ఉన్నాడు. మొదటి తీర్పు చెప్పాను. ఇన్నేళ్లూ ఆ గుంతను నేను తలుచుకోలేదు. వినబడలేదు కదా అనే మాట ఒకటి చేతిలో ఉంటే, దాని వెనక ఎన్ని దాచుకోవచ్చో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

"సూసిన," అన్నాను.

మా పాలివాళ్ల అబ్బాయి ఫోను జేబులో పెట్టుకున్నాడు. నోటి మాటలు చెల్లవన్నాడు. రాసిస్తానన్నాను. వాళ్ల ఆఫీసు కాగితమే అడిగి తీసుకుని, ఏ రోజు ఏ చోట ఏ గుంత చూశానో, రాయి ఎలా కదిలిందో, చూసి కూడా ఏమని తీర్పు చెప్పానో రాసి సంతకం పెట్టాను. చెవుల ప్రస్తావన అందులో రాయలేదు. ఆ కాగితం మండలాఫీసుకు వెళ్లింది. సర్వేయరు వచ్చి మళ్లీ కొలిచే దాకా గోడ ముట్టొద్దన్నారు. ఈ రోజుకు వంటిల్లు నిలబడే ఉంది. నన్ను ఇప్పుడు ఎవరూ పంచాయితీకి పిలవడం లేదు. చెవులు బాగయ్యాక పెద్దమనిషి పాడైపోయాడని మేడ్చల్‌లో అంటున్నారట.

ఆ రోజు సంతకం చేసిన కాగితం ఆమె చేతికిస్తే, మడిచి బైబిలు సంచిలో పెట్టుకుంది. నా వైపు మళ్లీ చూడకుండా షెడ్డు దాటి ఎండలోకి వెళ్లిపోయింది. నాలుగేళ్ల కింద, ఆ జాగా పోగొట్టుకున్న రోజున, వెళ్లేటప్పుడు నాకు రెండు చేతులెత్తి దండం పెట్టి వెళ్లింది.